న్యూరోసైన్స్ పీహెచ్‌డీ: పెద్ద ల్యాబా, చిన్న ల్యాబా?

కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి, పోయిన ఆగస్టులో న్యూరోసైన్స్ పీహెచ్‌డీకి అమెరికా వచ్చిన ఒక చెల్లె అడిగింది: "అక్కా, రొటేషన్లు అయిపోయినయ్. ఒకటి మస్తు పేరున్న ల్యాబ్, పెద్ద పెద్ద పేపర్లు. ఇంకోటి చిన్నది, సార్ కొత్తగ వచ్చిండు. ఇంట్ల అందరు పెద్దదాన్ల చేరమంటున్నరు. ఏం చెయ్యాలె?"

రొటేషన్లంటే ఏ ల్యాబ్‌లో చేరాలో తేల్చుకునే ముందు ఒక్కో ల్యాబ్‌లో కొన్నాళ్లు పనిచేసి చూడడం. నేనైతే చిన్నదాని వైపే మొగ్గుతాను. ఎందుకో చెప్పాలంటే మన పని దగ్గర నుంచి ఎట్లా ఉంటుందో ముందు చెప్పాలి. ఎమ్మెస్సీ నోట్సులో ప్యాచ్ క్లాంప్ (ఒక్క కణంలో పారే కరెంటును గాజు పిపెట్‌తో కొలిచే పద్ధతి) అర పేజీలో అయిపోతుంది: ఎర్విన్ నేహర్, బెర్ట్ సాక్‌మన్, 1976లో మొదటి పేపర్, 1991లో నోబెల్. ల్యాబ్‌లో సంగతి వేరు.

చిట్టెలుక మెదడును మంచులాంటి చల్లటి ద్రావణంలో పెట్టి, వైబ్రటోమ్ అనే కోత మిషన్ మీద 300 మైక్రాన్ల మందాన పల్చటి ముక్కలు కోస్తాం. 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ బుడగలు పోయే ఉప్పునీళ్లలో ఉంచితే అవి కొన్ని గంటలు బతుకుతాయి. మైక్రోస్కోప్ కింద ఒక నాడీకణాన్ని ఎంచుకుని, కొన మైక్రాన్ వెడల్పుండే గాజు పిపెట్‌ను దాని మీదికి దించుతాం. పిపెట్‌కు తగిలించిన సన్న గొట్టం నోట్లో ఉంటుంది. కొనకు చెత్త అంటకుండా లోపలి నుంచి సన్నగా ఊదుతూ పోవాలి. కణం మీద చిన్న గుంట పడినట్టు కనిపించగానే ఊదడం ఆపి, మెల్లగా పీల్చాలి. పిపెట్ కొన కణానికి గట్టిగా అతుక్కుని సీల్ కుదిరితే స్క్రీన్ మీద ఐదు మెగాఓమ్‌లున్న రెసిస్టెన్స్ గిగాఓమ్ దాటిపోతుంది. ఇంకోసారి చిన్నగా పీలిస్తే పొర తెగి, మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర కణం మనతో మాట్లాడడం మొదలుపెడుతుంది. ఎక్కువ పీలిస్తే చస్తుంది. ఎంత పీలిస్తే ఎక్కువో ఏ ప్రోటోకాల్ కాగితంలోనూ ఉండదు.

మా వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇండ్లలో పిల్లలు మగ్గం పక్కన కూర్చునే పని నేర్చుకున్నారు. ఇదీ అంతే. పక్కన కూర్చుని "ఇప్పుడు ఆపు, ఇప్పుడు పీల్చు" అనే మనిషి ఉంటే కొన్ని నెలల్లో చేయి కుదురుతుంది. లేకపోతే ఏడాదైనా కుదరదు, తప్పు నీదేనని నువ్వు కుమిలిపోతుంటావు.

పాతిక మంది ఉన్న ల్యాబ్‌లో పీఐ (ల్యాబ్ నడిపే ప్రొఫెసర్) ఎప్పుడూ విమానంలోనే ఉంటారు. నీకు నేర్పేది ఒక పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక కొన్నేండ్లు ల్యాబ్‌లో పనిచేసే పరిశోధకుడు), అతను వచ్చే ఏడాది వేరే ఊరు పోతాడు. కొత్తగా వచ్చిన సార్‌కు మాత్రం టెన్యూర్ (పర్మనెంట్ ఉద్యోగం) తెచ్చుకోవాలి కాబట్టి తనే రిగ్ (ఈ ప్రయోగాల పరికరాల సెటప్) ముందు కూర్చుంటాడు, నీ డేటా మీద ఆయన బతుకు కూడా ఆధారపడి ఉంటుంది. అట్లని కొత్తాయనంటే కళ్లు మూసుకుని చేరమని కాదు. ల్యాబ్ మొదలుపెట్టడానికి యూనివర్సిటీ ఇచ్చిన స్టార్టప్ డబ్బులు ఇంకా ఎన్నేండ్లకు సరిపోతాయి, ఎన్ఐహెచ్ (వైద్య పరిశోధనకు డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) గ్రాంట్ వచ్చిందా, రాకపోతే నీ నాలుగో ఏడాది స్టైపెండ్ ఎవరిస్తారు? ఈ మాటలు మొహమాటం లేకుండా అడుగు. 2025లో ఎన్ఐహెచ్ గ్రాంట్లు ఎట్లా ఆగాయో, ఎట్లా రద్దయ్యాయో చూశాం. డిపార్ట్‌మెంట్ గ్యారంటీ ఇస్తుందంటే ఆ ముక్క ఈమెయిల్‌లో రాయించుకో. "సార్‌ను డబ్బుల గురించి ఎట్ల అడుగుడు" అని మనవాళ్లు సిగ్గుపడతారు. ఇక్కడ అది మామూలు ప్రశ్న, అడగని విద్యార్థినే వింతగా చూస్తారు.

ఇంకొకటి. ల్యాబ్‌లో ఇప్పుడున్నవాళ్లు అన్నీ బాగున్నాయనే చెబుతారు, రేపు రికమెండేషన్ లెటర్ ఆయన చేతిలోనే ఉంది మరి. వెళ్లిపోయినవాళ్లను పట్టుకో. మధ్యలో మాస్టర్స్ తీసుకుని బయటికి పోయినవాళ్లు దొరికితే ఇంకా మంచిది. ఎన్నేండ్లు పట్టింది, పేపర్ మీద మొదటి పేరు ఎవరిదన్న దగ్గర గొడవలు అయ్యాయా, ఇంటికి పోతానంటే మొహం మాడ్చేవాడా? ఫోన్‌లో చెబుతారు, ఈమెయిల్‌లో చెప్పరు.

హన్మకొండ నుంచే ఇంకో తమ్ముడు అడిగాడు, ముందు ఎమ్మెస్ చేసి తర్వాత పీహెచ్‌డీకి పోవాలా అని. పరిశోధనే కావాలనుకుంటే అక్కర్లేదు. ఇక్కడ న్యూరోసైన్స్ పీహెచ్‌డీలో ఫీజు వాళ్లే కడతారు, నెలనెలా స్టైపెండ్, హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఇస్తారు. ఎమ్మెస్‌కు చాలావరకు మన జేబే. కన్సల్టెన్సీ వాళ్లు పీహెచ్‌డీ మాట ఎత్తరు, వాళ్లకు అందులో కమీషన్ రాదు. బీటెక్ తర్వాత నేరుగా రావచ్చు, కాకపోతే ఏదో ఒక ల్యాబ్‌లో ఏడాది రెండేండ్లు చేతులు పెట్టి పనిచేసి ఉండాలి. హైదరాబాద్ సీసీఎంబీ, బెంగళూరు నిమ్హాన్స్, ఎన్‌సీబీఎస్, మానేసర్ ఎన్‌బీఆర్‌సీ లాంటి పరిశోధన సంస్థల్లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేసినవాళ్ల అప్లికేషన్ మేం శ్రద్ధగా చదువుతాం. ఎన్ఐటీలో ఈసీఈ చదివినవాళ్లు కూడా రావచ్చు. సిగ్నల్ ప్రాసెసింగ్ వచ్చిన పిల్లలు మాకు బంగారం.

"ఎలుకలను చంపాలా?" అని కూడా చాలామంది గుసగుసగా అడుగుతారు. మా అమ్మ అయితే "వినాయకుని వాహనం బిడ్డా" అని ఇప్పటికీ అంటుంది. పైన చెప్పిన మెదడు ముక్కల (స్లైస్) పని చేస్తే చంపక తప్పదు. ప్రతి ప్రయోగానికీ యూనివర్సిటీ జంతు సంరక్షణ కమిటీ అనుమతి ఉండాలి, మత్తు ఇచ్చే చేస్తాం, అయినా అందరి మనసూ ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే మొదటి రొటేషన్‌లోనే చెప్పేయండి, ఎవరూ నవ్వరు. ఈగల మీద చేసే ల్యాబులున్నాయి. 2024లో పండు ఈగ మెదడు మ్యాప్ మొత్తం వచ్చింది: దాదాపు 1,40,000 కణాలు, వాటి మధ్య 5 కోట్లకు పైగా కనెక్షన్లు. ఆ డేటా అందరికీ తెరిచే ఉంది, పైథాన్ వస్తే చాలు, కత్తి పట్టకుండానే థీసిస్ రాయొచ్చు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి కాబట్టి పనికి ఇప్పట్లో కొరత లేదు.

ఇక వీసా, టైమ్. పీహెచ్‌డీ ఐదారేండ్లు, తర్వాత పోస్ట్‌డాక్ మూడు నుంచి ఐదేండ్లు, ఆ పైనే ఫ్యాకల్టీ ఉద్యోగం మాట. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నీ క్లాస్‌మేట్ ఈలోపు ఇల్లు కొని గృహప్రవేశం ఫొటోలు పెడతాడు. అది తట్టుకోవాలి. పోస్ట్‌డాక్‌ల జీతానికి ఎన్ఐహెచ్ స్కేల్‌ను చాలాచోట్ల కొలతగా పెట్టుకుంటారు, 2024లో మొదటి మెట్టు ఏడాదికి 61,008 డాలర్లు. బోస్టన్‌లో అది అద్దెకే పోతుంది, చిన్న ఊళ్లో హాయిగా బతకొచ్చు.

ఎన్ఐహెచ్ వాళ్ల ఎఫ్31 లాంటి స్టూడెంట్ ఫెలోషిప్‌లు సిటిజన్లకు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకే. దాని మీద ఆశ పెట్టుకోకండి. స్ట్రోక్, రక్తనాళాల వైపు పని అయితే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఫెలోషిప్‌కు వీసా మీద ఉన్నవాళ్లు కూడా వేయొచ్చు. పోస్ట్‌డాక్‌లో మాత్రం కే99 అనే గ్రాంట్ వీసావాళ్లకూ ఉంది. ఫ్యాకల్టీ ఇంటర్వ్యూలో అది ఉన్నవాళ్ల మాటే వేరు. ఇప్పటిదాకా ఉన్న రూల్ ప్రకారం పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేండ్లు దాటితే అప్లై చేయలేరు. అందుకే పోస్ట్‌డాక్ చేరిన మొదటి నెలలోనే "కే99 వేద్దామా" అని పీఐతో మాట్లాడండి. మూడో ఏడాదిలో గుర్తొస్తే డేటా సరిపోదు.

పీహెచ్‌డీ అయ్యాక ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే పనిచేసుకునే అనుమతి) ఏడాది, దానికి సైన్స్, ఇంజనీరింగ్ చదివినవాళ్లకిచ్చే స్టెమ్ పొడిగింపు ఇంకో రెండేండ్లు ఉంటుంది. తొందరపడి జే-1 అనే ఎక్స్‌చేంజ్ విజిటర్ వీసాకు మారకండి. 2024 డిసెంబర్‌లో స్కిల్స్ లిస్టు నుంచి ఇండియాను తీసేశారు కాబట్టి ఆ లిస్టు వల్ల జే-1 వాళ్లు రెండేండ్లు స్వదేశంలో ఉండి రావాలనే నిబంధన మనకు పోయింది, కానీ ప్రభుత్వ డబ్బుతో నేరుగా వచ్చినవాళ్లకు అది ఇంకా ఉంది. యూనివర్సిటీలకు హెచ్-1బీ లాటరీ లేదు. 2025 సెప్టెంబర్‌లో ప్రకటించిన లక్ష డాలర్ల ఫీజు ఇక్కడే ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్లకు వర్తించదని తర్వాతి నెలలోనే చెప్పారు. బయటి నుంచి వచ్చేవాళ్లకే ఇబ్బంది. ఇవి మారుతుంటాయి, వాట్సాప్ గ్రూపును నమ్మకుండా ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి.

మీరు ఇక్కడ దిగిన వారానికే బంధువుల నుంచి ఎంఆర్ఐ ఫొటోలు మొదలవుతాయి. "మా బావమరిదికి ఫిట్స్ వస్తున్నయ్, జర చూడు బిడ్డా." మనం డాక్టర్లం కాదు, మనం చదివింది ఒక కణంలో కరెంటు ఎట్లా పారుతుందన్నది. మర్యాద కోసం కూడా రిపోర్ట్ మీద అభిప్రాయం చెప్పకండి. మందు ఆపేసి మీ పేరు చెబుతారు. మందులు మాననీయకుండా వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో న్యూరాలజిస్టుకు చూపించుకొమ్మనండి, ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

వెనక్కి రావాలని ఉన్నవాళ్లకు ఒక మాట. హైదరాబాద్‌లోనే ఆఫీసున్న ఇండియా అలయన్స్ (పరిశోధనకు డబ్బిచ్చే సంస్థ) ఫెలోషిప్‌లు, బయోటెక్నాలజీ శాఖ ఇచ్చే రామలింగస్వామి రీ-ఎంట్రీ ఫెలోషిప్ చూడండి. రెండింటికీ ఇండియాలో మిమ్మల్ని చేర్చుకునే సంస్థ ఒకటి కావాలి. ఆ ఉత్తరప్రత్యుత్తరాలకే ఏడాది పడుతుంది కాబట్టి పోస్ట్‌డాక్ చివరి ఏడాదికి ముందే మొదలుపెట్టండి. రిగ్ కొనడానికి, ఎలుకల గది అనుమతికి ఎంత టైమ్ పడుతుందో ఆ సంస్థలో ఈమధ్యే చేరినవాళ్లనే అడగండి, డైరెక్టర్‌ను కాదు.