కువైట్‌లో 95 కొట్టించాను, రాజోలులో ఏం కొట్టించాలి?

ప్రశ్న: సార్, నమస్తే. పదకొండేళ్లు కువైట్‌లో డ్రైవర్‌గా చేసి సంక్రాంతికి ఇంటికొచ్చాను. రాజోలు దగ్గర మా ఊరు. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ ఉన్న చిన్న కారు కొత్తది తీసుకున్నాం. అక్కడ పంపుల దగ్గర 91, 95, 98 అని నంబర్లుండేవి, మా కఫీల్, అంటే అక్కడ నాకు పనిచ్చిన యజమాని, తన బండికి 95 తప్ప కొట్టించనిచ్చేవాడు కాదు. ఇక్కడ బంకులో మామూలుదా, 95దా అని అడుగుతున్నారు. మొదటి నుంచీ మంచిది పోయకపోతే ఇంజిన్ పాడవుతుందని మా బావ అంటున్నాడు. పెట్రోల్లో కలుపుతున్న ఇథనాల్ భయం ఒకటి. వచ్చే నెల నేను మళ్లీ వెళ్లిపోతాను, బండి ఇంటి దగ్గరే ఉంటుంది. ఏం చేయమంటారు?

జవాబు: మామూలుదే కొట్టించండి. మీ బావగారు బండి మీద ప్రేమతోనే చెప్పారు గానీ, నంబరు పెద్దదైతే మంచి పెట్రోలు అనుకోవడం దగ్గరే వచ్చింది పొరపాటు. ఇంజిన్‌లో పిస్టన్ పైకొచ్చి పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని గట్టిగా నొక్కుతుంది, ఆ తర్వాత ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తే అది మండాలి. అలా కాకుండా నొక్కుడు వేడికి దానంతటదే అంటుకుంటే లోపల టకటకమని కొట్టుకుంటుంది. నలుగుర్ని ఎక్కించుకుని నాలుగో గేరులోనే వంతెన ఎక్కిస్తే కొన్ని పాత బండ్లలో వినపడేది అదే. అలా ముందే అంటుకోకుండా పెట్రోలు ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పేదే ఆక్టేన్ నంబరు. శుభ్రతకీ బలానికీ దానితో సంబంధం లేదు. ఎక్కువ నొక్కే ఇంజిన్‌కి, గాలిని ఒత్తి లోపలికి నెట్టే కొన్ని టర్బో బండ్లకి పెద్ద నంబరు కావాలి, మీ కఫీల్ బండికి కంపెనీవాళ్లు 95 చెప్పి ఉంటారు. 91కి తయారైన ఇంజిన్‌లో 95 పోస్తే దానికి ఒరిగేదేమీ లేదు. లీటరుకి ఏడు రూపాయలు ఎక్కువ అనుకున్నా 35 లీటర్ల ట్యాంకుకి 245 రూపాయలు. ఏడాదికి ఎన్నిసార్లు ఫుల్ చేయిస్తారో లెక్కేసుకోండి, ఆ డబ్బుతో వేళకి ఆయిల్, ఫిల్టర్ మార్పించొచ్చు. మీ కారుకి ఏది కావాలో పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్ మీదో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. బావగారిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ఇథనాల్ సంగతి. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లలో పైపులు, రబ్బరు భాగాలు 20 శాతం ఇథనాల్‌ని తట్టుకునేలానే పెడుతున్నారు, కాబట్టి ఆ టెన్షన్ వద్దు. మైలేజీ మాత్రం కొంచెం తగ్గుతుంది, ఎందుకంటే లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో దానికంటే మూడో వంతు తక్కువ. 95 కొట్టిస్తే ఇథనాల్ తప్పుతుందని కొందరు చెబుతున్నారు, తప్పదు, అందులోనూ కలుపుతారు.

మన లంకల్లో నేను నిజంగా భయపడేది నీళ్లకి. మొన్న వానాకాలం కాలవ పక్కనున్న ఒక బంకులో పెట్రోలు కొట్టించుకుని రెండు కిలోమీటర్లు వచ్చానో లేదో, గట్టు మీద బండి నాలుగు కుదుపులిచ్చి ఆగిపోయింది. మెకానిక్ వచ్చి ట్యాంకులోది ఖాళీ నీళ్ల సీసాలోకి తీశాడు. పైన పసుపుపచ్చగా పెట్రోలు, అడుగున మూడు వేళ్ల మందాన మబ్బు పట్టినట్టు తెల్లగా ఇంకో పొర. సీసా ఊపితే కలుస్తుంది, కాసేపటికి మళ్లీ విడిపోతుంది. ఇథనాల్‌కి నీళ్లంటే ఇష్టం, బంకు భూమిలో ట్యాంకులోకి వాన నీరు దిగితే పెట్రోల్‌ని వదిలేసి నీళ్లతో పోయి అడుగుకి చేరుతుంది. అందుకని ముసురు పట్టినప్పుడు, వరద తీసిన కొత్తలో బాగా అమ్మకమయ్యే బంకుకే వెళ్లండి, ట్యాంకర్ దింపుతుంటే కాసేపు ఆగండి, బిల్లు తప్పకుండా తీసుకోండి. అనుమానం వస్తే ట్యాంకులో నీళ్లున్నాయేమో పరీక్ష చేసి చూపించమని అడగండి, అడిగే హక్కు మీకుంది, మొహమాటపడొద్దు.

మీరు వెళ్లేముందు ట్యాంకు నిండా కొట్టించి పెట్టండి. సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలోకి మన తేమ గాలి చేరుతుంది. ఇంట్లో ఎవరికైనా డ్రైవింగ్ వస్తే వారానికోసారి పది, పదిహేను కిలోమీటర్లు తిప్పమనండి. షెడ్డులో స్టార్ట్ చేసి రెండు నిమిషాల్లో ఆపేస్తే బ్యాటరీకే నష్టం.

ప్రశ్న: మాది అమలాపురం. యానాంలో పెట్రోలు చవక కదా, నాసిరకమేమోనని మా ఆవిడ ఒప్పుకోవడం లేదండి.

జవాబు: నాసిరకం కాదండి. అక్కడివీ అవే కంపెనీల బంకులు, అదే బీఎస్-6 పెట్రోలు, అంటే పొగలో విషం తగ్గించడానికి దేశమంతటికీ పెట్టిన ప్రమాణం. యానాం పుదుచ్చేరిది కాబట్టి పన్ను తక్కువ, తేడా అంతా అదే. పనిమీద కాకినాడ వెళ్తూ దారిలో కొట్టించుకుంటే లాభమే. పెట్రోలు కోసమే వెళ్తే మాత్రం రానూపోనూ అరవై కిలోమీటర్లకి మూడు లీటర్ల పైనే కాలుతుంది, 30 లీటర్ల మీద మీకు మిగిలేదాంట్లో చాలావరకు అందుకే పోతుంది. డబ్బాల్లో, సీసాల్లో పట్టించి ఇంట్లో దాచే ఆలోచన ఉంటే అది మానేయండి, వంటగది పక్కన పెట్రోలు వద్దు.