'డెలివర్డ్' అని చూపిస్తోంది, చీర మాత్రం చేరలేదు

ప్రశ్న: మాది మంగళగిరి. మూడేళ్లుగా ఇంటి నుంచే చేనేత చీరలు వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాను. నెలకు 60 పార్సిళ్ల దాకా పంపుతాను. మొన్న హైదరాబాద్‌లో ఒకావిడకు రూ.6,800 చీర కొరియర్ చేశాను. ట్రాకింగ్‌లో 'డెలివర్డ్' అని ఉంది. ఆవిడేమో అందలేదు, డబ్బు వెనక్కి ఇవ్వకపోతే కన్జ్యూమర్ కోర్టుకు వెళ్తానంటున్నారు. కొరియర్ వాళ్లు మా పని అయిపోయిందంటున్నారు. మావారు ఒక్క పైసా కూడా ఇవ్వొద్దంటున్నారు. చేతిలో ఉన్నది పిల్లల ఫీజులకు దాచిన రూ.28 వేలే. అందులోంచి తీసి ఇచ్చేయనా?

జవాబు: ఫీజు డబ్బు కదపకండి. అలాగని ఆవిడకు ఎగ్గొట్టమనీ అనను. ముందు చీర ఎక్కడుందో వెతకాలి, ఆలస్యమయ్యే కొద్దీ అది దొరకడం కష్టం.

అపార్ట్‌మెంట్లలో ఈ గొడవ మామూలే. బి బ్లాక్ 304కు వెళ్లాల్సింది డి బ్లాక్ 304లో ఇచ్చేస్తారు. గేటు దగ్గర సెక్యూరిటీ చేతిలో పెట్టి వెళ్లిపోతారు, ఆయన డ్యూటీ మారాక రెండో ఆయనకు సంగతే తెలీదు. మాకు రావాల్సిన మిక్సీ జార్ ఒకటి పన్నెండు రోజుల తర్వాత మా వాచ్‌మన్ గదిలో చీపుళ్ల వెనక దొరికింది. ఇంకో రకం ఉంది. సాయంత్రానికి లెక్క చూపించాలని కుర్రాడు బ్యాగులో ఉన్నవన్నీ 'డెలివర్డ్' కొట్టేసి, మర్నాడు తెచ్చి ఇస్తాడు. కాబట్టి 'డెలివర్డ్' అన్న మాట రుజువు కాదు. రుజువు అంటే పీఓడీ, అంటే పార్సిల్ అందించినట్టు కొరియర్ వాళ్ల దగ్గరుండే ఆధారం (ప్రూఫ్ ఆఫ్ డెలివరీ): ఎవరు తీసుకున్నారు, సంతకమో ఓటీపీయో ఉందా, ఫొటో తీశారా, ఏ టైముకి, ఏ లొకేషన్లో. ఫోన్‌లో వాదించకుండా, ఏడబ్ల్యూబీ నంబరు (రసీదు మీదుండే ట్రాకింగ్ నంబరు) వేసి ఇవన్నీ అడుగుతూ ఈరోజే కొరియర్ కంపెనీకి మెయిల్ పెట్టండి. ఫిర్యాదుకు ఎన్ని రోజుల గడువో మీ రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది దాటితే వినరు.

ఆవిడను కూడా ఒక మాట అడగండి. "పార్సిల్ నాకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ అందలేదు" అని తేదీ, ఫ్లాట్ నంబరుతో వాట్సాప్‌లో రాసి పంపమనండి. గేటు రిజిస్టరు, సీసీటీవీ చూడమనండి. అబద్ధమాడేవాళ్లు లేకపోలేదు, కానీ అడిగే తీరులో అనుమానం కనిపించకూడదు.

ఇక మీవారి మాట. దానికి చట్టంలో ఆధారం కొంత ఉంది. 1930 నాటి వస్తువుల అమ్మకం చట్టం ప్రకారం సరుకును రవాణాదారుకు అప్పగిస్తే, పైకి చూడటానికి కొనుగోలుదారుకు అప్పగించినట్టే. అయితే అదే సెక్షన్లో ఇంకో వాక్యం ఉంది: సరుకు స్వభావాన్ని బట్టి అమ్మినవాళ్లు రవాణాదారుతో తగిన ఒప్పందం చేసుకోవాలి, లేకపోతే 'నాకు అప్పగించినట్టు కాదు' అని కొన్నవాళ్లు అనొచ్చు. మీ రసీదు తీసి చూడండి. విలువ దగ్గర ఎంత రాశారు? చాలామంది రూ.500 అని రాసి 'ఓనర్స్ రిస్క్' మీద, అంటే పోతే నష్టం పంపినవాళ్లదే అన్న షరతు మీద పంపేస్తారు. మీరూ అలాగే పంపి ఉంటే మీవారి వాదన నిలబడటం కష్టం. పైగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఆవిడ తన జిల్లాలోనే కేసు వేయొచ్చు, రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. మీరేమో మంగళగిరి నుంచి దానికి జవాబు చెప్పుకోవాలి. రూ.6,800 కోసం ఆ టెన్షన్ ఎందుకు?

కాబట్టి పీఓడీలో గట్టి ఆధారం లేకపోతే, లేదా మూడు నాలుగు రోజుల్లో అది రాకపోతే, ఆవిడ సంగతి మీరు తేల్చేయండి. ఆవిడ డబ్బిచ్చింది మీకు, కొరియర్‌కు కాదు. అయితే క్యాష్ ఇవ్వడం కంటే ఇంకో చీర పంపడం మీకు చవక. మీ కొనుగోలు ధర రాయలేదు, రూ.5,600 అనుకుందాం, కొరియర్‌కు రూ.120. డబ్బు వెనక్కిస్తే మీకు పోయేది రూ.5,720. మరో చీర పంపితే రెండు చీరలకు, రెండు కొరియర్లకు రూ.11,440 ఖర్చు, వచ్చింది రూ.6,800, అంటే నష్టం రూ.4,640. అదే డిజైన్ లేకపోతే ఫొటోలు పంపి ఆవిడనే ఎంచుకోమనండి. వద్దు, డబ్బే కావాలంటే ఇవ్వాల్సిందే. ఒకేసారి కష్టమైతే ఈ నెల అమ్మకాల లాభంలోంచి రెండు విడతల్లో ఇస్తానని తేదీలు రాసి పంపండి.

కొరియర్ మీద పోరాటం వేరే ఫైలు. ఎక్కువ ఆశ పెట్టుకోకండి. పార్సిల్ పోతే ఇంతకు మించి ఇవ్వమని రసీదు మీద బాధ్యత పరిమితి రాసి, మీరు సంతకం చేసి ఉంటే సాధారణంగా అంతవరకే. డీహెచ్ఎల్ కొరియర్ మీద భారతి నిట్టింగ్ కంపెనీ వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు, సంతకం చేసిన పత్రంలోని 100 డాలర్ల పరిమితే వర్తిస్తుందని చెప్పింది. అయినా వినియోగదారుల ఫిర్యాదులకు ఉన్న 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. వ్యాపారం కదా, నేను వినియోగదారును ఎలా అవుతానని సందేహం రావచ్చు. పొట్టకూటి కోసం సొంతంగా చేసుకునే పనికి చట్టం మినహాయింపు ఇచ్చింది, కానీ 2019 చట్టంలో అది కొన్న వస్తువుల గురించే చెబుతుంది, కొరియర్ లాంటి సేవకూ వర్తిస్తుందని గట్టిగా చెప్పలేను.

నాకు అసలు బాధ కలిగించింది మీ ప్రశ్నలోని చివరి లైను. మూడేళ్ల వ్యాపారంలో ఒక్క పార్సిల్ పోతే పిల్లల ఫీజు వైపు చూడాల్సి వచ్చిందంటే, పార్సిల్ పోవడం అనే ఖర్చు మీ ధరలో లేదన్నమాట. పై లెక్కలో చీరకు మిగిలేది రూ.1,080. ఒక్క చీర పోతే ఐదు చీరల లాభం పోయినట్టే. ఇకనుంచి ప్రతి పార్సిల్‌కు రూ.40 ధరలో కలిపి, వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. నెలకు 60 పార్సిళ్లంటే రూ.2,400. రెండున్నర నెలలకు ఒక చీర పోయినా తట్టుకుంటారు. ఆ ఖాతా రూ.20 వేలకు చేరాక ఆపేయొచ్చు. దాని ఏటీఎం కార్డు ఇంట్లో ఎవరికీ ఇవ్వకండి, మీవారికి కూడా.

రూ.3,000 దాటిన చీరను ఓటీపీ లేకుండా పంపకండి. స్పీడ్ పోస్ట్‌లో 2025 అక్టోబరు 1 నుంచి రూ.5, పైన జీఎస్టీ కడితే ఓటీపీ చెప్పాకే ఇచ్చే సదుపాయం ఉంది. ప్రైవేటు కొరియర్ అయితే అసలు విలువ రాసి, 'క్యారియర్స్ రిస్క్' (పోతే బాధ్యత కొరియర్‌దే అన్న షరతు) కిందో ఇన్సూరెన్స్‌తోనో పంపండి.

డబ్బు వెనక్కి వేసేటప్పుడు ఏ యూపీఐ ఖాతా నుంచి వచ్చిందో దానికే వేయండి. "మా తమ్ముడి నంబరుకి వేయండి" అంటే కుదరదనండి. చీర తర్వాత దొరికితే తిరిగి పంపుతానని ఒక్క ముక్క ముందే రాయించుకోండి. వాచ్‌మన్ గదిలో చీపుళ్లు జరిపినప్పుడు దొరకవచ్చు.