కట్టెల పొయ్యి తలుపుకు కొత్త తాడు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో నీవు కొన్న ఇంట్లోని కట్టెల పొయ్యికి గాలి దారి పూర్తిగా మూసినా మంట తగ్గడం లేదనీ, రాత్రి పదింటికి నింపిన కట్టెలు ఒంటిగంటకే బూడిదైపోతున్నాయనీ రాశావు. తలుపు చుట్టూ గాలి దూరకుండా ఉండే గ్యాస్కెట్ అనే తాడు అణగిపోయి ఉంటుంది. పొయ్యి చల్లారాక తలుపు సందులో డాలరు నోటు పెట్టి, మూసి, లాగి చూడు. పట్టు లేకుండా జారి వస్తే అక్కడ గాలి దూరుతున్నట్టే. గొళ్లెం వైపు మాత్రమే వదులుగా ఉంటే ముందు గొళ్లెం బిగించి చూడు.

కుక్కర్ మూతకు రబ్బరు ఎలాగో దీనికి గాజునారతో అల్లిన తాడు అలాగ. అది 3/8 అంగుళం మొదలు 3/4 అంగుళం దాకా రకరకాల లావుల్లో దొరుకుతుంది. పాత తాడును కొలిచి కొనవద్దు, ఏళ్ల తరబడి నలిగి అది సన్నబడి ఉంటుంది. పొయ్యితో వచ్చిన పుస్తకంలో చెప్పిన లావే తెచ్చుకో. పొయ్యి 1970ల నాటిదో అంతకన్నా పాతదో అయితే మాత్రం తాడులో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ నార ఉండవచ్చు కనుక నీవు ముట్టుకోకుండా, ఆ పని తెలిసినవారికే అప్పగించు.

తలుపును ఊడదీసి, తాడు కూర్చునే గాడి పైకి కనబడేలా దుప్పటి మీద పడుకోబెట్టు. మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, పాత తాడు లాగేసి, గాడిలో గట్టిపడిన జిగురును స్క్రూడ్రైవరుతోనూ తీగల బ్రష్‌తోనూ ఇనుము కనబడేదాకా గీకు. విసుగు పుట్టించే పని ఇదే, కానీ పాత జిగురు మీద కొత్త జిగురు నిలవదు. తరువాత పొయ్యిల కోసం అమ్మే, వేడికి తట్టుకునే జిగురును గాడి పొడవునా సన్నగా పూసి, మూల దగ్గర కాకుండా తిన్నగా ఉన్న చోట, వీలైతే కీళ్ల వైపు, తాడు పెట్టడం మొదలుపెట్టు. తాడును ఎంతమాత్రం లాగవద్దు. మొదటిసారి నేను గాడికి సరిపోవాలని లాగి పెట్టాను. తాడు సన్నబడి, చలికాలం మధ్యలో మళ్లీ అంతా విప్పవలసి వచ్చింది. వేలితో కొద్దిగా వెనక్కు నెడుతూ కూర్చు. కోసే చోట ముందుగా టేపు చుట్టి కోస్తే నార చెదరదు. రెండు కొసలూ ఒకదానికొకటి ఆనాలి, ఒకదానిపై ఒకటి ఎక్కకూడదు.

తలుపు బిగించి, జిగురు అంటుకోకుండా మధ్యలో మైనపు కాగితం పెట్టి, ఒక రోజంతా మూసి ఉంచు. ఆ కాగితం తీసేశాకే మంట వెయ్యి. మొదటి మంట చిన్నదిగా ఉండాలి. జిగురు వాసన వస్తుంది కాబట్టి కిటికీ తెరిచి ఉంచు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం పనిచేస్తున్నదో లేదో ఆ రోజే చూసుకో. కొన్ని వారాలకు తాడు కాస్త అణుగుతుంది. అప్పుడు మళ్లీ డాలరు నోటుతో చూసి, అవసరమైతే గొళ్లెం ఒక చుట్టు బిగించు.

ఇట్లు,
నీ మేనమామ