సీనియర్లను ఏమడగాలి

చి. మేనకోడలికి,

పాలకొల్లు నుంచి మీ మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచీ ఇదే ఆలోచన. ఒక సీనియర్ అక్క "ఫ్యాకల్టీ సూపర్" అందట, ఇంకో అన్న "అందరూ వేస్ట్, డబ్బులు దండగ" అన్నాడట. ఇద్దరిదీ నువ్వు చేరాలనుకుంటున్న ప్రైవేటు యూనివర్సిటీయే, ఒకే బ్రాంచి. ఎవరి మాట నమ్మాలో తెలీక టెన్షన్ పడుతున్నావు. ఇద్దరూ వాళ్ళకి తోచింది నిజంగానే చెప్పి ఉంటారమ్మా. "ఫ్యాకల్టీ ఎలా ఉన్నారు" అని అడిగితే అంతకంటే జవాబు రాదు.

మీ నాన్నను చూడు. చెరువులో సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వేసే ముందు వాటిని అమ్మే హేచరీ వాళ్ళ మాట ఒక్కటే పట్టుకుని ఏనాడూ వెయ్యడు. కిందటి పంటకి అదే సీడ్ వేసిన రైతు దగ్గరికి వెళ్తాడు. వెళ్ళి "సీడ్ బాగుందా" అని అడగడు. ఎన్ని రోజులకి పట్టుబడి చేశావు, కౌంట్ ఎంత, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు వచ్చాయి, మేత ఎప్పుడు తగ్గింది అని అడుగుతాడు. బాగుందో లేదో ఆ జవాబులు విని తనే తేల్చుకుంటాడు. నువ్వూ అలాగే అడగాలి.

"పిల్లలకేం తెలుసు, వాళ్ళని అడగడమేంటి" అని ఇంట్లో ఎవరైనా అంటే పట్టించుకోకు. మన రాష్ట్రంలో ప్రైవేటు యూనివర్సిటీల చట్టం వచ్చిందే 2016లో. అమరావతి దగ్గర విట్, ఎస్ఆర్ఎం మొదలైంది 2017లో. మన ఊళ్ళలో వాటిలో చదివి స్థిరపడ్డ పెద్దవాళ్ళు ఇంకా పెద్దగా లేరు. క్లాసులో గంటల తరబడి ఆ సార్ల ఎదురుగా కూర్చునేది పిల్లలే. ర్యాంకులు కూడా ఆ లోటు తీర్చవు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులో పేరుప్రతిష్ఠలకని ఒక భాగం ఉంటుంది గానీ, దానికి అభిప్రాయం అడిగేది కంపెనీల వాళ్ళని, ఇతర విద్యాసంస్థల వాళ్ళని.

అడిగేది మాత్రం థర్డ్ ఇయర్ వాళ్ళని అడుగు. ఫస్ట్ ఇయర్ వాళ్ళకి క్యాంపస్ కొత్త, ఏసీ క్లాసులు చూసి మురిసిపోతుంటారు. ఫైనల్ ఇయర్ వాళ్ళ మనసంతా ప్లేస్‌మెంట్ల మీదే. అందులోనూ నీ బ్రాంచి వాళ్ళనే అడుగు, ఏ సెక్షనో కూడా కనుక్కో. కంప్యూటర్ సైన్సుకి పదేసి సెక్షన్లు ఉన్నచోట, బాగా చెప్పే సారు రెండు మూడు సెక్షన్లకే వెళ్ళగలడు. ఆ అక్కకీ అన్నకీ తేడా బహుశా అక్కడే వచ్చి ఉంటుంది.

మొదటి ప్రశ్న, సిలబస్ ఎంత అయింది అని. కాలేజీల నాణ్యత తూచే న్యాక్ సంస్థ వాళ్ళు గ్రేడు ఇచ్చే ముందు విద్యార్థుల దగ్గర ఒక సర్వే చేస్తూ వచ్చారు, అందులో మొట్టమొదటి ప్రశ్న కూడా ఇదే. ఊరికే అడిగితే "అయిపోయిందిలే" అంటారు. అందుకని నోట్సు చూపించమను. ఇది నా సొంత పద్ధతి, ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. రన్నింగ్ నోట్సు తిరగేస్తే ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటి రెండు యూనిట్లూ తేదీలతో, కొట్టివేతలతో, పక్కన చిన్న చిన్న బొమ్మలతో నిండుగా ఉంటాయి. తర్వాత ఏముందో చూడు. నాలుగో యూనిట్ దగ్గర పేజీలు ఖాళీగా ఉండి, "అది పీపీటీ పంపారు" అన్నారంటే ఆ యూనిట్ క్లాసులో జరగలేదన్నమాట. ల్యాబ్ రికార్డు కూడా అడుగు. ఇద్దరు ముగ్గురి రికార్డులు పక్కపక్కన పెట్టి రీడింగులు చూడు. స్టాప్‌వాచ్ పట్టుకుని లోలకం ఊగే టైం ఏ ఇద్దరు తీసినా ప్రతిసారీ అచ్చం ఒకే అంకె రాదు. అన్ని రికార్డుల్లోనూ దశాంశంతో సహా ఒకే రీడింగు ఉంటే, ఆ ల్యాబులో ఎవరూ ప్రయోగం చెయ్యలేదు, పాత రికార్డు చూసి దించారు.

మార్కుల గురించి చెప్పే మాటలు కాస్త వడపోసుకోవాలి. మీ అన్నయ్య చదివింది జేఎన్‌టీయూ కాకినాడకి అనుబంధంగా ఉన్న కాలేజీలో. అక్కడ సెమిస్టర్ పేపరు యూనివర్సిటీ నుంచి వచ్చేది, పాఠం చెప్పిన సారు చేతిలో ఉండేది కాదు. ప్రైవేటు యూనివర్సిటీల్లో చాలావరకు చెప్పేదీ, పేపరు ఇచ్చేదీ, దిద్దేదీ వాళ్ళే. కాబట్టి "సార్ మంచోడు, మార్కులు వేస్తాడు" అన్నంత మాత్రాన పాఠం బాగా చెబుతాడని కాదు. "గ్రేడ్ తగ్గించేశాడు" అనేది కూడా అంతే. కొన్నిచోట్ల క్లాసు మొత్తం మార్కులతో పోల్చి గ్రేడు ఇస్తారు. క్లాసంతా బాగా రాస్తే ఎనభై వచ్చినవాడికీ గ్రేడు తగ్గొచ్చు.

"స్ట్రిక్ట్" అన్న మాట వినగానే భయపడకు. దేనికి స్ట్రిక్టో అడుగు. 75 శాతం అటెండెన్స్ కోసమైతే అది నిబంధన. డౌట్ అడిగితే కసురుకుంటాడంటే మాత్రం అది గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

ఇంకొకటి తప్పకుండా అడుగు: మీకు ఫస్ట్ ఇయర్‌లో చెప్పినవాళ్ళలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? సెమిస్టర్ మధ్యలో సార్లు మారారా? జీతాలు సరిగా లేనిచోట లెక్చరర్లు నిలవరు. ఒకే సబ్జెక్టు ముగ్గురు చెప్పారంటే ఎంత మంచివాళ్ళైనా పాఠం అతుకుల బొంతే.

నువ్వు చేరాక నీ వంతూ వస్తుంది. ఏటా ఫీడ్‌బ్యాక్ అడుగుతారు. అందరిలాగా అన్నిటికీ అయిదు నొక్కేసి వచ్చేయకు తల్లీ. నాకు ఒక ఏడాది చివర్లో ఎవరో కాగితం మీద ఇలా రాశారు: "బోర్డు వైపు తిరిగి రాస్తూ చెప్తారు సార్. డెరివేషన్ అయ్యి మీరు పక్కకి జరిగి, మేము రాసుకునే లోపే తుడిచేస్తారు." పేరు లేదు, తిట్టు లేదు, రెండు వాక్యాలు. ఆ మర్నాటి నుంచి బోర్డు మధ్యలో గీత గీసి, ఎడమ సగం క్లాసు అయ్యేదాకా తుడవలేదు. రిటైరయ్యే వరకూ అలాగే చేశాను. రాసిందెవరో ఈనాటికీ తెలీదు, ఎదురైతే నమస్కారం పెట్టేవాణ్ణి.

రిటైరయ్యాక ఒక ప్రైవేటు కాలేజీలో రెండేళ్ళు చెప్పాను. అక్కడ ఆ ఫారాలు పంచేదీ, తీసుకునేదీ పాఠం చెప్పే సారే, పైన హాల్‌టికెట్ నంబరు కూడా వెయ్యాలి. పాపం పిల్లలేం రాస్తారు? అందరివీ అయిదుకి అయిదే. నాకు చాలా బాధేసింది, చెప్పి చూశాను, ఎవరూ మార్చలేదు. అందుకే ఇదీ కనుక్కో: ఫీడ్‌బ్యాక్‌లో పేరు బయటపడుతుందా, రాశాక ఏదైనా మారిందా?

మా వీధి చివర ఇంటి అబ్బాయి నువ్వనుకుంటున్న యూనివర్సిటీలోనే థర్డ్ ఇయర్, నీ బ్రాంచే. ఈ ఆదివారం ఇంటికొస్తున్నాడు. నాన్నతో కలిసి భీమవరం నుంచి పొద్దున్నే వచ్చేయ్, అత్తయ్య వంట చేస్తానంది. ఆ అబ్బాయికి కబురు పెట్టాను, నోట్సులూ ల్యాబ్ రికార్డూ తెచ్చుకోమని.

మీ మావయ్య