మిగిలే ఆ ఒక్కటి

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నాయనా, వర్గమూలాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివినాను. శ్రద్ధగా రాసినావు. అయితే నిర్వచనంతో మొదలుపెట్టినావు. అది తరవాత. చదివేవాడి చేతికి ముందు ఒక లెక్క ఇయ్యి.

మన ఊరి లెక్కే తీసుకో. ఇక్కడ ఇంటిజాగా అంకణాల్లో అమ్ముతారు. అంకణమంటే 36 చదరపు అడుగులు, ఆరడుగుల చతురస్రం. (నెల్లూరు అంకణం వేరు, ఆ మాట రాయడం మరవద్దు.) 50 అంకణాల జాగా సరిగ్గా చతురస్రంగా ఉంటే ఒక్కో పక్క ఎంత? ఏడేళ్ళు నలభై తొమ్మిది, కాబట్టి ఏడుకు కాస్త ఎక్కువ. ఏడు తక్కువ గనక, 50ని ఏడుతో భాగిస్తే వచ్చే 7.142 ఎక్కువవుతుంది. రెండింటి సగటు 99/14, అంటే సుమారు 7.0714. ఆరుతో హెచ్చవేస్తే 42.43 అడుగులు. అసలు కొలతకు అంగుళంలో ఇరవయ్యో వంతు కూడా తేడా లేదు. మేస్త్రీకి ఇది చాలు.

నీకు చాలదు. అక్కడే ఆగి పాఠకుడితో సరిచూపించు. 99/14 సరిగ్గా 50 వర్గమూలమే అయితే, 99 వర్గం 14 వర్గానికి 50 రెట్లు కావాల. 99 వర్గం 9801. 14 వర్గానికి 50 రెట్లు 9800. ఒకటి మిగిలింది. ఇంకోసారి అదే పద్ధతిలో సగటు తీస్తే 19601/2772 వస్తుంది. సరిచూస్తే 384199201, 384199200. మళ్ళీ ఒకటే! యజ్ఞవేదికల కొలతలు చెప్పే పాత గ్రంథం శుల్బసూత్రంలో బౌధాయనుడు 2 వర్గమూలానికి ఇచ్చిన లెక్కను కూడితే 577/408. అక్కడా 577 వర్గం 332929, 408 వర్గానికి రెండు రెట్లు 332928. భిన్నం ఎంత పెద్దదైనా ఆ ఒకటి పోదు. ఎందుకు పోదని పాఠకుడే అడగాల. అప్పుడు రుజువు రాయి. ఆ ఒకటి పోయిందంటే 50 వర్గమూలం భిన్నమైనట్టే, అది కాదని చూపించాల.

50 వర్గమూలమంటే 2 వర్గమూలానికి ఐదు రెట్లు, కాబట్టి రెండు సంగతి తేలితే చాలు. అది భిన్నమే అనుకుందాం. కొట్టివేతలన్నీ అయ్యాక లవం, హారం రెండూ సరిసంఖ్యలుగా ఉండవు. లవం వర్గం హారం వర్గానికి రెట్టింపు, కనక లవం సరిసంఖ్య. సరిసంఖ్య వర్గాన్ని నాలుగుతో శేషం లేకుండా భాగించవచ్చు, కనక అందులో సగమైన హారం వర్గమూ సరి, హారమూ సరి. రెండూ సరి కాకూడదన్నాం, అయినాయి. కనక అది భిన్నం కాదు. గణితంలో నాకు ఇంతకన్నా ఇష్టమైన వాక్యాలు లేవు. నువ్వు వాటిని ఒక్క వాక్యంలో కుక్కేసినావు. విడదీసి, ఊపిరి తీసుకోనిచ్చి రాయి.

ఇంకొకటి. దశాంశాలు అంతం లేకుండా సాగుతాయి కాబట్టి కరణీయ సంఖ్య (పూర్ణాంకాల భిన్నంగా రాయలేనిది) అన్నావు. 1/3 కూడా 0.333గా అట్లే సాగుతుంది, అది అకరణీయమే, అంటే భిన్నమే. కరణీయ సంఖ్యలో ఒకే అంకెల గుంపు వెంటవెంటనే అంతం లేకుండా తిరిగి తిరిగి రావడం ఉండదు. తేడా అది.

2 వర్గమూలం = 1.414 అని కూడా ఉంది. 1.414 వర్గం 1.999396. సమానం గుర్తు తీసేసి 'సుమారు' అని పెట్టు. తిరగరాసింది పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు