అరవై నాలుగు మంది పిల్లలు, ఒక రాత్రి, ఎన్ని బండ్లు?

సంక్రాంతి వెళ్లిందంటే చాలు, ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో సగం పిల్లల ఫేర్‌వెల్ పార్టీలకి మాట్లాడే బండ్ల గురించే. ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నన్నడుగుతున్నారు. ఈసారి మూడు ఉత్తరాలకి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రం పిల్లలు ఫేర్‌వెల్ పెట్టుకున్నారు, ప్రామ్ నైట్ అంటున్నారు. వైజాగ్‌లో రుషికొండ దాటాక బీచ్ రోడ్డు మీద ఒక లాన్ మాట్లాడాం. స్కూలు బస్సులివ్వనంది. ఇద్దరు ముగ్గురు టీచర్లు మాత్రం తోడొస్తామన్నారు. మొత్తం 64 మంది. గాజువాక, కూర్మన్నపాలెం వైపు 28, గోపాలపట్నం, పెందుర్తి వైపు 14, ఎం.వి.పి., సిరిపురం, జగదాంబ వైపు 16, మధురవాడలో 6. ఒక ట్రావెల్స్ వాళ్లు 50 సీట్ల బస్సు, 14 సీట్ల టెంపో కలిపి చవగ్గా ఇస్తామంటున్నారు. సరిగ్గా సరిపోతుంది కదా, ఖాయం చేసేయమంటారా?
– ఒక తల్లి, కూర్మన్నపాలెం

జవాబు: ఆగండమ్మా, అడ్వాన్స్ అప్పుడే ఇవ్వకండి. యాభై, పద్నాలుగు కలిస్తే అరవై నాలుగే, కాదనను. మరి తోడొచ్చే టీచర్లని ఎక్కడ కూర్చోబెడతారు, బానెట్ మీదా?

సీట్ల సంగతి తర్వాత చూద్దాం. తీసుకెళ్లడం ఎవరైనా తీసుకెళ్తారు. సాయంత్రం వెలుతురుంటుంది, పిల్లలు హుషారుగా ఉంటారు, పావుగంట అటూ ఇటూ అయినా కొంపలు మునగవు. కష్టమంతా తిరుగు ప్రయాణంలోనే. ఆ ట్రావెల్స్ ఆయన లెక్క ప్రకారం టెంపో పెందుర్తి పిల్లల్ని తీసుకుపోతుంది, మిగిలిన యాభై మందీ ఒకే బస్సులో. ఆ బస్సు మధురవాడ పిల్లల కోసం హైవే ఎక్కాలి, మళ్లీ ఎం.వి.పి.లోకి దిగాలి, సిరిపురం, జగదాంబ చుట్టాలి, అక్కణ్ణుంచి ఎన్.ఏ.డి. జంక్షన్ మీదుగా గాజువాక వెళ్లాలి. ఒక్కో స్టాపులో చెప్పు జారిందనో, ఫోను సీట్లో మరిచిపోయాననో నాలుగు నిమిషాలు పోతాయి. పన్నెండు స్టాపులేసుకోండి, బస్సు నిలబడ్డ టైమే ముప్పావు గంట. మీ అమ్మాయి దిగేది అందరికన్నా ఆఖర్న. అర్ధరాత్రి దాటాక కూర్మన్నపాలెం జంక్షన్లో నిలబడేది మీరే.

కాబట్టి సీట్లు లెక్కపెట్టి కాదు, దిగే దారిని బట్టి బండ్లు మాట్లాడండి. రుషికొండ నుంచి మీకు మూడు దారులున్నాయి. గాజువాక వాళ్లకి హనుమంతవాక దగ్గర హైవే పట్టుకుని మద్దిలపాలెం, ఎన్.ఏ.డి. మీదుగా తిన్నగా. పెందుర్తి వాళ్లు హనుమంతవాకలోనే మలుపు తిరిగి అడవివరం, సింహాచలం, గోపాలపట్నం మీదుగా, బస్సుల కోసం వేసిన బీఆర్టీఎస్ రోడ్డు. టౌను వాళ్లకి సాగర్‌నగర్, జోడుగుళ్లపాలెం మీదుగా బీచ్ రోడ్డు. 28 మందికి 33 సీట్ల మినీ బస్సు, 14 మందికి 17 సీట్ల టెంపో, 16 మందికి 20 సీట్లది. మధురవాడ ఆరుగురి కోసం బండి దండగ. లాన్‌కి దగ్గరే కాబట్టి రెండు కుటుంబాలు కార్లేసుకొస్తే సరిపోతుంది.

ఖర్చు పెరుగుతుందని మీరనుకుంటారు. కొంచెం పెరుగుతుంది కూడా. అయితే ఒక కిటుకుంది. ట్రావెల్స్ వాళ్లు కిలోమీటర్లు లెక్కేసేది మీరెక్కిన చోటి నుంచి కాదు, షెడ్డు నుంచి షెడ్డుకి. మద్దిలపాలెంలో ఉన్న బండిని మాట్లాడితే, అది ఖాళీగా గాజువాక వచ్చి, రాత్రి పిల్లల్ని దించి, ఖాళీగా వెనక్కి పోయిన డీజిల్ కూడా మీ బిల్లులోనే పడుతుంది. గాజువాక పిల్లలకి గాజువాక బండి, పెందుర్తి వాళ్లకి పెందుర్తి బండి మాట్లాడండి. ఆఖరి పిల్ల దిగిన చోటే డ్రైవర్ ఇల్లూ ఉంటుంది, అతనూ సంతోషంగా ఒప్పుకుంటాడు. ఆ 28 మందికీ ఆర్టీసీ బస్సు కావాలన్నా గాజువాక డిపోలోగానీ స్టీల్ సిటీ డిపోలోగానీ అడగండి. పెళ్లిళ్లకి ఇచ్చినట్టే డిపాజిట్ కట్టించుకుని అద్దెకిస్తారు. మెత్తటి సీట్లు ఉండకపోవచ్చు, కానీ ఆఖరి నిమిషంలో బండి రాలేదన్న గొడవ ఉండదు.

ఇంక టైము. పిల్లలు పదకొండు దాకా పాటలుండాలంటారు. ఆరుబయట లాన్‌లో రాత్రి పది తర్వాత మైకు, డీజే మోగకూడదు, చట్టమే ఒప్పుకోదు. అంచేత తొమ్మిదికి భోజనాలు కానిచ్చి, తొమ్మిదిన్నరకి బండ్ల దగ్గర హాజరు పిలవండి. ట్రావెల్స్ వాళ్ల లోకల్ ప్యాకేజీ మామూలుగా 8 గంటలు, 80 కిలోమీటర్లు. బండి మూడున్నరకి షెడ్డు వదిలితే రాత్రి పదకొండున్నరకి మళ్లీ షెడ్డులో ఉండాలి. అది దాటితే గంటకింత, పైన డ్రైవర్‌కి నైట్ బేటా, అంటే రాత్రి డ్యూటీ భత్యం.

డబ్బు మిగులుతుందని డ్రాపింగ్, పికప్ విడివిడిగా మాట్లాడకండి. నా అనుభవంలో అసలు ఇబ్బంది ఇదే. ఫిబ్రవరి చాలా ఏళ్లు మాఘమాసంలో పడుతుంది, ముహూర్తాలున్న శనివారమైతే ఊళ్లో ఒక్క టెంపో ఖాళీగా ఉండదు. మిమ్మల్ని ఆరింటికి దించిన బండి అటునుంచటే ఏ తగరపువలసకో పెళ్లివారిని ఎక్కించుకుని పోతుంది. అక్కడ అప్పగింతలు అయితేనే కదా ఇక్కడికి రావడం! పిల్లలు గేటు దగ్గర నిలబడి ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటారు, అతను ‘వచ్చేస్తున్నా, హనుమంతవాకలో ఉన్నా’ అంటూనే ఉంటాడు. వెయిటింగ్ చార్జీ ఇవ్వండి, బండి లాన్ ఆవరణలోనే ఆగి ఉండాలని కాగితం మీద రాయించుకోండి. అడ్వాన్స్ సగానికి మించనివ్వకండి.

బండి నంబరు రెండు రోజుల ముందే తీసుకుని ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్ ఏ తేదీదాకా ఉన్నాయో కనిపిస్తుంది. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటేటా ఎఫ్.సి. చేయించాల్సిందే. పక్కింటాయన తన వైట్ బోర్డు ఇన్నోవా డీజిల్ ఖర్చుకి ఇంకో రెండు వేలు కలిపి ఇస్తానంటే దండం పెట్టి వద్దనండి. కిరాయికి తిప్పే పర్మిట్ దానికి ఉండదు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది. ఎల్లో బోర్డే కావాలి.

వీలైతే షెడ్డుకి వెళ్లి బండి ఎక్కి చూడండి. ముందు టైర్లు, తర్వాత ఎమర్జెన్సీ డోరు. దానికి అడ్డంగా అదనపు సీటేమైనా బిగించారా, హ్యాండిల్ తిరుగుతోందా, మీ చేత్తో మీరే తిప్పండి. మంటలార్పే ఎర్ర సిలిండర్ మెడలో వేలాడే చీటీ మీద తేదీ చదవండి. ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెరిపించండి. అందులో అగరొత్తుల కట్ట, అగ్గిపెట్టె, చార్జర్ వైరు తప్ప దూది కూడా లేని పెట్టెలు నేను చాలా చూశాను.

ఆడపిల్లలు చాలామంది ఆ రోజు మొదటిసారి చీర కట్టుకుని వస్తారు. టెంపో మెట్టు ఎత్తు, స్లైడింగ్ డోరులో కుచ్చిళ్లు ఇరుక్కుంటాయి. డోరు దగ్గర కిందన ఒక పెద్దమనిషి నిలబడి ఎక్కించాలి. దూరం నుంచి చెయ్యూపితే కుదరదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆఖరి స్టాపు దాకా బండిలో ఒక లేడీ టీచరుగానీ, ఒక తల్లిగానీ ఉండాలి. ఆఖరి అమ్మాయి డ్రైవర్, క్లీనర్‌ల మధ్య ఒంటరిగా మిగలకూడదు. డ్రైవర్ మంచివాడా కాదా అన్నది కాదు ఇక్కడ ప్రశ్న. మరి పిల్లలందర్నీ దించాక ఆ టీచరు ఇంటికెలా వెళ్తుంది? ఇది ఎవరూ ఆలోచించరు. ఏ బండి ఆఖరి స్టాపులో ఏ టీచర్ ఇల్లుందో చూసి, ఆ టీచర్నే ఆ బండికి వెయ్యండి. మీ రూట్లో టీచరెవరూ దొరక్కపోతే మీరే వెళ్లండమ్మా, మీ ఇల్లు ఆఖరి స్టాపే కదా. చేతిలో పేర్ల కాగితం ఉండాలి. స్టాపులో అమ్మానాన్నలు కంటికి కనిపిస్తేనే పిల్లని దించి టిక్కు పెట్టాలి. ‘మా డాడీ వస్తున్నారు, దింపేయండి ఆంటీ’ అంటారు, వినొద్దు.

స్కూలు బస్సులివ్వనందని కోపం తెచ్చుకోకండి. తను పెట్టని కార్యక్రమానికి తన బస్సు పంపడానికి ఏ స్కూలూ ధైర్యం చెయ్యదు.

ప్రశ్న: ఇంటర్ సెకండ్ ఇయర్. మా ఫ్రెండ్స్ ఎనిమిది మందిమి. అమెరికాలో ప్రామ్‌కి లిమోజిన్‌లో వెళ్తారు కదా, వైజాగ్‌లో అలాంటిది దొరుకుతుందా? లేకపోతే మా ఫ్రెండు వాళ్ల థార్‌లో టాప్ తీసేసి ఆర్.కె. బీచ్ నుంచి వెళ్దామనుకుంటున్నాం. బాగుంటుందా?
– ఎం.వి.పి. కాలనీ విద్యార్థి

జవాబు: బాగుంటుంది బాబూ, ఫొటోలో. అమెరికా పిల్లలు చదువుల ఏడాది ముగిసే ముందు, వసంతకాలంలో ఆ పార్టీ చేసుకుంటారు. పది మంది చందాలేసుకుని పొడుగాటి కారు అద్దెకి తీసుకుంటారు. అందులో నీకు కనిపించనిది ఒకటుంది, ఆ కారు నడిపేది డ్రైవరు, పిల్లలు కాదు. అంత పొడుగు కారు మన జోడుగుళ్లపాలెం మలుపులో తిప్పాలంటే ముందు ఎదురొచ్చే ఆటోలన్నీ వెనక్కి వెళ్లాలి.

థార్ విషయం నవ్వులాట కాదు. మీరంతా పదిహేడేళ్ల వాళ్లయి ఉంటారు. పద్దెనిమిది నిండని వాడు బండి నడిపి పట్టుబడితే 2019లో మార్చిన చట్టం ప్రకారం శిక్ష తండ్రికీ, బండి ఓనరుకీ. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. మీ ఫ్రెండు వాళ్ల నాన్నగారికి ఈ పేరా చదివి వినిపించు, తాళాలెక్కడ దాస్తారో చూద్దువుగాని.

ఎనిమిది మందికి ఒక వింగర్ వ్యాన్ మాట్లాడుకోండి. డ్రైవరన్నతో ముందే చెబితే తెన్నేటి పార్కు దగ్గర పది నిమిషాలు ఆపుతాడు, వెనక సముద్రం పడేలా కావలసినన్ని ఫొటోలు తీసుకోవచ్చు. కిటికీలోంచి తలలు మాత్రం బయటపెట్టొద్దు.

ప్రశ్న: నేను టెంపో డ్రైవర్‌ని. ఈ పార్టీల కిరాయిలకి వెళ్తే పొద్దున్న స్టాఫ్ ట్రిప్పులు తోలి, మళ్లీ రాత్రి దాకా ఉండాలంటారు. భోజనం అడిగితే క్యాటరింగ్ వాళ్లు మీ లెక్క లేదంటారు. లేటయితే బండి మాట్లాడుకున్నవాళ్లు నన్ను తిడతారు, నైట్ బేటా ఓనరు కోస్తాడు. మా గురించి కూడా రాయండి సార్.
– మర్రిపాలెం

జవాబు: రాస్తున్నాను తమ్ముడూ, పై ఇద్దరూ చదవాలనే నీ ఉత్తరం ఈ వారమే వేస్తున్నాను. రవాణా కార్మికులకి 1961 నాటి చట్టం ఒకటి ఉండేది, 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. రోజుకి ఎనిమిది గంటల పని, ఐదు గంటలు తోలాక అరగంట విశ్రాంతి అని ఆ పాత చట్టంలోనే ఉండేది. పొద్దున్న ఆరింటికి స్టాఫ్ ట్రిప్పు ఎక్కినవాడు రాత్రి పదికి పిల్లల్ని తోలకూడదు. ఆ మాట ఓనరుకి నువ్వొక్కడివీ చెబితే ఇంకొకణ్ణి పిలుస్తాడని నాకూ తెలుసు. అందుకే బండ్లు మాట్లాడుకునేవాళ్లకి చెబుతున్నాను. బండి మాట్లాడేటప్పుడు ‘ఆ రోజు డ్రైవర్ పొద్దున్న డ్యూటీ చేశాడా?’ అని అడగండి, చేసి ఉంటే వేరే డ్రైవర్‌ని పంపమనండి. నైట్ బేటా ఓనరు బిల్లులో కలపనివ్వకుండా దిగేటప్పుడు డ్రైవర్ చేతికే ఇస్తామని ముందే రాసుకోండి.

భోజనం సంగతి తేలికే. ప్లేట్ల లెక్క చెప్పేటప్పుడు డ్రైవర్లు, క్లీనర్లని కలిపి చెప్పాలి, ఎనిమిదింటికల్లా వాళ్లకి పెట్టేయాలి. పిల్లలు తిన్నాక మిగిలితే పెడదామంటే తొమ్మిదిన్నరకి మీరు బండి తియ్యమనేసరికి అతని చేతిలో కంచం ఉంటుంది.