రేడియాలజిస్టు, రేడియోగ్రాఫర్ ఒకరేనా?

సందేహం: "రేడియాలజిస్టు ఎక్స్‌రే తీశారు" అని ఒక వార్తలో, "రేడియోగ్రాఫర్ వ్యాధిని నిర్ధారించారు" అని మరొక వార్తలో చదివాను. ఈ రెండు పదాలూ ఒకటేనా? 'వికిరణ వైద్యుడు' అని తెలుగులో రాయవచ్చునా? – ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: ఒకటి కావు. మీరు చూపిన రెండు వాక్యాల్లోనూ కర్తలు తారుమారయ్యారు. రేడియాలజిస్టు వైద్యులు, ఎం.బి.బి.ఎస్. తరువాత రేడియో డయాగ్నసిస్‌లో మూడేళ్ల ఎం.డి. గాని, రెండేళ్ల డిప్లొమా గాని చదివి, చిత్రాలను పరిశీలించి రోగమేమిటో తేల్చే బాధ్యత వహిస్తారు. మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీలో డిప్లొమానో, బి.ఎస్సీ.నో చేసిన రేడియోగ్రాఫర్ రోగిని ఏ భంగిమలో ఉంచాలో, కిరణాల మోతాదు ఎంత పెట్టాలో, కుడి ఎడమల గుర్తు ఎక్కడ పడాలో చూసుకొని చిత్రం తీస్తారు. ఆ పని సరిగా కుదరని చిత్రంలో ఎంత అనుభవమున్న వైద్యుడైనా చూడగలిగింది తక్కువే. అందువల్ల రేడియోగ్రాఫర్‌ను రేడియాలజిస్టు అని రాస్తే గౌరవం పెరగదు సరికదా, ఆయన విద్య మరుగునపడుతుంది.

మా వరంగల్ వైపు జనం మాటల్లో ఈ గందరగోళం లేదు. "ఆయన ఎక్స్‌రే తీసిండు, డాక్టర్ సాబ్ చూసి చెప్పిండు" అంటారు. వార్త రాసేవారు ఇలా ముందు క్రియను చూసుకొని దానికి తగిన కర్తను నిలిపితే చాలావరకు తప్పు దొర్లదు.

చాలావరకు అనడం అల్ట్రాసౌండ్‌ను దృష్టిలో పెట్టుకొనే. గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం కింద గర్భిణులకు ఆ పరీక్ష అర్హత గల వైద్యులే చేయాలి కనుక, "రేడియాలజిస్టు స్కానింగ్ చేశారు" అన్న వాక్యం ఇక్కడ నిర్దుష్టమే. కొన్ని విదేశాల్లో ఈ పనికి వైద్యులు కాని సోనోగ్రాఫర్లు ఉంటారు. అక్కడి వార్తను తెనిగించేటప్పుడు వారిని రేడియాలజిస్టులుగా మార్చరాదు.

'వికిరణ వైద్యుడు' అనే కల్పన నాకు సమ్మతం కాదు. అల్ట్రాసౌండ్‌లో పనిచేసేది ధ్వని తరంగం, వికిరణం కాదు. పైగా ఆ మాట వినగానే క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స చేసే వైద్యులు స్ఫురిస్తారు. వారి చదువు, శాఖ వేరు. వాడుకలో స్థిరపడిన రేడియాలజిస్టు, రేడియోగ్రాఫర్ పదాలనే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట 'చిత్రాలు చూసి రోగాన్ని నిర్ధారించే వైద్యులు', 'చిత్రాలు తీసే సాంకేతిక నిపుణులు' అని వివరణ చేర్చడం మేలు.